ఎంత కొత్తదైతే చాలు?

ఒక ఆన్‌లైన్ ఆటకు వచ్చిన కొత్త భాగంలో కొత్త సరుకు సరిపడా ఉందా లేదా అన్నది ధమ్మ పత్రికలో చర్చించదగిన విషయమేనా అని కొందరు పాఠకులు ముక్కున వేలేసుకోవచ్చు. మొదట మేమూ అలాగే అనుకున్నాం. ఆ ప్రశ్నను మా ముందు పెట్టిన కుర్రవాడు మాత్రం నవ్వులాటకు అడగలేదు. రెండు రోజుల కూలి చేతిలో పట్టుకుని అడిగాడు.

సిల్తారా రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రహదారి మీద ఉంది. స్పాంజి ఐరన్ కర్మాగారాలు, ఉక్కు మిల్లులు, విద్యుత్ కేంద్రాలు ఒకదాని పక్కన ఒకటి. పొద్దున ఆరేసిన చొక్కా మీద సాయంత్రానికి నల్లటి పొడి పేరుకుంటుంది. ఇక్కడి కిల్న్‌లలో ఇనుప ఖనిజం, బొగ్గు కలిసి వెయ్యి డిగ్రీల వేడిలో దొర్లుతుంటాయి. కిల్న్‌ను పొద్దున వెలిగించి రాత్రి ఆర్పడం కుదరదు కాబట్టి మనుషులే వంతులు మారుతారు. ఆ వంతుల్లో ఒడియావాళ్ళు, బిహారీలు, స్థానిక ఛత్తీస్‌గఢీలతో పాటు మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలూ ఉన్నారు. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్‌కి రైలు మార్గం ఉంది. ఆ దారినే వచ్చిన కొందరితో కలిసి మేము ఆదివారం సాయంత్రాలు ఒక గదిలో కూర్చుని సుత్తాలు చదువుకుంటాం. పంచశీలం చెప్పుకుంటాం, టీ తాగుతాం, ఎవరి ఊరి కబుర్లు వారు చెప్పుకుంటారు.

ఆ రోజు చదువు అయిపోయాక ఒక అబ్బాయి ఫోను మా ముందు పెట్టాడు. "కొత్త మ్యాపన్నారు మాస్టారూ. సూస్తే ఏటుంది? పాత ఊరే, మీద మంచు జల్లేరు. తుపాకీ పాతదే, రంగు మార్చేరు. దీనికి రెండ్రోజుల కూలి ఎట్టాలా?" అన్నాడు. గదిలో అతనితో ఉండే ఇంకో కుర్రవాడు వెంటనే అందుకున్నాడు. "అన్నీ కొత్తవైతే మళ్ళీ మొదట్నించి నేర్చుకోవద్దేటి? ఉన్నదే సాల్దా?" ఇద్దరూ మా తీర్పు కోసం చూశారు. మాలో ఎవరూ ఆ ఆట ఆడినవారు కాదు. మాతో వచ్చే ఒక ఉపాసిక, తుపాకుల ఆట అంటున్నారు కదా, మొదటి శీలం సంగతేమిటని అడిగారు. మంచి ప్రశ్నే గానీ, దానికి వేరే వ్యాసం కావాలి. ఇక్కడ మాకు పట్టుకున్నది రెండో కుర్రవాడి నోట వచ్చిన చిన్న మాట: చాలదా?

ఆటలతో పరిచయం లేని పాఠకుల కోసం కాస్త వివరించాలి. ఆన్‌లైన్ ఆట పుస్తకం లాంటిది కాదు, అచ్చయి బయటికి వచ్చాక అలాగే ఉండిపోదు. తయారుచేసినవారు కొన్నాళ్ళకొకసారి కొత్త ప్రదేశాలు, కొత్త ఆయుధాలు, కొత్త శత్రువులు, కొత్త వేషాలు చేరుస్తారు. పెద్ద ఎత్తున చేర్చి వేరుగా వెల కడితే దాన్ని ఎక్స్‌పాన్షన్ అంటారు. చిన్న చిన్నవాటిని అప్‌డేట్ అనీ, సీజన్ అనీ అంటారు. ప్రతిసారీ ఆటగాళ్ళ మధ్య ఇదే వాదం లేస్తుంది. ఇచ్చిన సరుకు పెట్టిన డబ్బుకు సరిపోయిందా? నెల్లాళ్ళు ఆడితే అయిపోయేదానికి ఇంత వెలా?

ఈ వాదంలో ఒక సగం పూర్తిగా న్యాయమైనది. దాన్ని తృష్ణ అని కొట్టిపారేస్తే మేము అబద్ధమాడినట్టే. కష్టపడి సంపాదించినవాడు తన సొమ్ముకు తగిన వస్తువు అడగడంలో తప్పేముంది? బుద్ధుడు గృహస్థులతో మాట్లాడినప్పుడు సన్యాసుల నియమాలు వారి నెత్తిన పెట్టలేదు. అనాథపిండికుడికి చెప్పిన నాలుగు సుఖాల్లో, ధర్మంగా సంపాదించినదాన్ని అనుభవించే సుఖం ఒకటి, అప్పు లేకపోవడం మరొకటి. కోలియుడైన దీఘజాణుడికి సమజీవితం గురించి చెబుతూ, త్రాసు పట్టినవాడిలా రాబడినీ ఖర్చునూ ఎరిగి బతకమన్నాడు. రాబడి మించి ఖర్చు చేసేవాడిని మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. చెట్టును ఊపి పళ్ళన్నీ రాల్చి, తినేవి నాలుగైతే నేలపాలయ్యేవి నలభై. రాబడి ఉండీ తిననివాడు అనాథలా చస్తాడని కూడా అదే సుత్తంలో ఉంది. ఈ రెండో మాటను మన ఉపన్యాసకులు ఎందుకో అంతగా చెప్పరు.

కాబట్టి కిల్న్ దగ్గర ఒళ్ళు కాల్చుకుని వచ్చిన కుర్రవాడు గంటసేపు ఆడుకుంటే అది పాపమని మేము అనం. అమ్మేవాడు పాత సరుకుకు కొత్త రంగు పూసి కొత్తదని చెబితే తప్పు కొన్నవాడిది కాదు. సగం తయారైన దాన్ని పూర్తయిందని అమ్మడం, నాలుగు గంటల్లో అయ్యేదాన్ని నలభై గంటలకు సాగదీసి అదే సమృద్ధి అని చూపడం సమ్మా ఆజీవానికి దగ్గరి వ్యవహారం కాదు. ఏమి పడుతుందో తెలియని పెట్టెలను డబ్బుకు అమ్మే పద్ధతిని బెల్జియం 2018లో జూదం కింద జమకట్టింది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించింది. చట్టం గీత గీసింది పందెం దగ్గర. ఆ గీతకు ఇవతల, పందెం లేని చోట, ఎంత ఆడాలో ఎంత కొనాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. మా గదిలో లేచిన ప్రశ్న ఆ ఇవతలి వైపుది.

ఇక రెండో సగం. సరుకు లెక్క న్యాయంగానే తేలిందనుకుందాం. ఎంత ఇస్తే చాలినట్టు?

దీనికి జవాబు వెతకడానికి ఒక ఆట చరిత్ర చూశాం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట 2004 నవంబరులో వచ్చింది. అందులో ఆటగాడు ఎక్కగల చివరి మెట్టు 60. 2007లో మొదటి ఎక్స్‌పాన్షన్‌తో అది 70 అయింది. 2008లో 80. ఆ తర్వాత 85, 90, 100, 110. 2018కి 120. కొత్త ఖండాలు వచ్చాయి, కొత్త జాతులు వచ్చాయి, ప్రతిసారీ పాత కత్తి పనికిరానిదై కొత్త కత్తి కావలసివచ్చింది. నిన్నటిదాకా రాత్రింబవళ్ళు కష్టపడి సంపాదించిన ఆయుధాన్ని కొత్త దేశంలో మొదటి మెట్టు మీద దొరికే మామూలు కత్తి మించిపోతుంది. చివరికి ఆ అంకెలు తయారీదారులకే భారమయ్యాయి. 2020లో 120వ మెట్టు మీదున్న వారందరినీ 50కి దించి, కొత్త చివరి మెట్టును 60గా నిర్ణయించారు. పదహారేళ్ళు ఎక్కి, బయలుదేరిన అంకె దగ్గరికే వచ్చారన్నమాట. మేము దీన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. ఆ పదహారేళ్ళలో కోట్ల మంది నిజంగా సంతోషంగా ఆడుకున్నారు. మెట్ల సంఖ్య మాత్రం వారి సంతోషాన్ని కొలవలేకపోయింది.

ఈ కథ వింటున్నప్పుడు మాలో ఒకరికి మాంధాత గుర్తొచ్చాడు. మన తెలుగువారికి మాంధాత కొత్తవాడు కాదు. జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు గుట్ట మీది స్తూపంలో దొరికిన పలక ఒకటి చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. 1882లో బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపాడు. పలక మీద ఒక చక్రవర్తి చెయ్యి పైకెత్తి ఉంటాడు. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, రాణి వంటి ఏడు రత్నాలు. పైన మేఘాల నుంచి నలుపలకల నాణేలు కురుస్తుంటాయి. ఆ చక్రవర్తిని మాంధాతగా పండితులు గుర్తించారు. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు కూడా ఆ కథను చెక్కారు. జాతక కథలో మాంధాత చెయ్యి చరిస్తే మోకాలి లోతు రత్నాలు కురుస్తాయి. (ఈ మాట చెప్పగానే మా కుర్రవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆటలో శత్రువు పడిపోతే అలాగే నిధులు రాలుతాయట.) భూమంతా ఏలినా అతనికి తనివి తీరలేదు. ఇంతకంటే మంచి చోటు ఇంకేదైనా ఉందా అని మంత్రులను అడిగాడు. ఉందన్నారు, చాతుర్మహారాజికుల లోకానికి వెళ్ళాడు. అక్కడా కొన్నాళ్ళకు అదే ప్రశ్న. అక్కడి నుంచి తావతింస స్వర్గానికి వెళితే శక్రుడు సగం రాజ్యమిచ్చాడు. ముప్పై ఆరుగురు శక్రులు మారిపోయేంత కాలం ఏలాక, సగమెందుకు, ఈ శక్రుణ్ణి చంపితే మొత్తం నాదే కదా అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనతోనే ముసలితనం మీదపడి, తన తోటలోనే నేల మీదికి జారిపడ్డాడు.

ఈ కథను దురాశ దుఃఖానికి చేటు అని ముగించడం తేలిక. మేము గమనించింది వేరు. మాంధాత ఏ లోకంలోనూ ఉన్నదాన్ని చూడలేదు. చాతుర్మహారాజికుల లోకం ఎలా ఉంటుందో, అక్కడ అతనికి ఏం నచ్చిందో కథ చెప్పదు. అతను అడిగిన ప్రశ్న ఎప్పుడూ తరువాతి చోటు గురించే. రాష్ట్రపాలుడు కోరవ్య రాజును అడిగిన ప్రశ్నలూ ఈ కోవలోనివే. తూర్పున సంపన్నమైన దేశముంది, జయించవచ్చని నమ్మదగినవాడు వచ్చి చెబితే ఏం చేస్తావు? జయిస్తానన్నాడు. పడమట? ఉత్తరాన? దక్షిణాన? సముద్రానికి ఆవల? ప్రతిదానికీ అదే జవాబు. ఆ రాజు ముసలివాడు, అడుగు ఒకచోట వేయబోతే ఇంకోచోట పడుతోందని అదే సుత్తంలో అంతకుముందే ఒప్పుకున్నాడు. కొత్త మ్యాపు చూపిస్తే ఇంకా సరేనంటున్నాడు.

సింగాలుడికి చేసిన బోధలో కూడా ఇలాంటి ఒక మాట ఉంది. మేళాల వెంట తిరిగేవాడికి కలిగే నష్టాలు చెబుతూ, అతని మనసు ఎప్పుడూ ఆట ఎక్కడ, పాట ఎక్కడ, వాయిద్యం ఎక్కడ అని వెతుకుతూనే ఉంటుందని బుద్ధుడు గుర్తుచేస్తాడు. జూదానికి చెప్పిన నష్టాల్లో డబ్బు పోవడం, పరువు పోవడం ఉన్నాయి. మేళాలకు చెప్పినవి డబ్బు నష్టాలు కావు, ఆ వెతుకులాటే నష్టం. మేళంలో కూర్చున్నప్పుడు కూడా తరువాతి మేళం మీదే చూపు. "ఈ భాగంలో సరిపడా కొత్తదనం లేదు" అని రెండో రోజే తేల్చేసే ఆటగాడి ఫిర్యాదులో ఎంత భాగం తయారీదారుడి లోపమో, ఎంత భాగం ఈ వెతుకులాటో విడదీయడం కష్టం. మొదటిదాన్ని లెక్కపెట్టవచ్చు, రెండోది లెక్కకు అందదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని మేమే లేవనెత్తాలి. కొత్తదనం కోరడమంతా తృష్ణ అయితే మనిషి కొత్త పుస్తకం చదవకూడదు, కొత్త ఊరు చూడకూడదు, కొత్త విద్య నేర్వకూడదు. అలా అనలేం. అయితే చదరంగం చూడండి. అరవై నాలుగు గళ్ళు, ముప్పై రెండు పావులు. రాణి ఇప్పుడున్నట్టు కదలడం పదిహేనో శతాబ్దం చివర మొదలైంది. ఆ తర్వాత చెప్పుకోదగ్గ ఎక్స్‌పాన్షన్ రాలేదు. కోనేరు హంపి అదే పలక మీద 2019లో ఒకసారి, 2024లో మరోసారి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. కొత్తదనం లేక విసిగి మానేసిందని మనం వినలేదు. మన అష్టాచెమ్మా, పులి-మేక, వామనగుంటలకు కూడా సీజన్లు లేవు. వాటిలో కొత్తదనం అవతలి మనిషి నుంచి వస్తుంది, మన ఎత్తుల్లో లోతు పెరిగే కొద్దీ వస్తుంది. బ్రహ్మజాల సుత్తంలో భిక్షువులు వదిలిపెట్టవలసిన ఆటల జాబితా ఒకటుంది. అందులో ఎనిమిది వరుసల పలక, పది వరుసల పలక, ఆ తర్వాత పలకే లేకుండా గాలిలో ఊహించి ఆడే ఆట వరసగా వస్తాయి. ఎనిమిది చాలక పది చేసినవాళ్ళు అప్పుడే ఉన్నారని మేము నవ్వుకున్నాం. పలకే తీసేసి ఆడినవాళ్ళు మాత్రం ఇంకో దారి పట్టినట్టున్నారు.

ఈ మాటలు చెబుతుంటే మొదటి అబ్బాయి, "అలగయితే మాకు తిరిగి పాతదే కావాలనిపించింది గదా మాస్టారూ, అదేటి మరి?" అన్నాడు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం మరో నూట పదిహేడు యాప్‌లతో పాటు పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. అక్టోబరు 30న దాని సర్వర్లు మన దేశంలో ఆగిపోయాయి. 2021 జులై 2న బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అన్న పేరుతో తిరిగొచ్చింది. ఆ ఎనిమిది నెలలు తనూ, తన స్నేహితులూ కొత్త మ్యాపు గురించి ఒక్కసారి కూడా అనుకోలేదట. పాత ఎరాంగెల్ ఒక్కటి వస్తే చాలనుకున్నారట. దూరదేశాల్లోనూ ఇదే జరిగింది. ఎక్స్‌పాన్షన్లు ఏవీ లేని మొదటి రూపంలోని వార్‌క్రాఫ్ట్ కావాలని ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి అడిగితే, 2019 ఆగస్టులో దాన్ని మళ్ళీ విడుదల చేశారు. లోపలికి వెళ్ళడానికి జనం గంటల తరబడి వరసలో వేచి ఉన్నారు. పదిహేనేళ్ళ నాటి ఆట, అందులో కొత్తది ఏమీ లేదు.

ఎందుకలా? ఆ అబ్బాయినే అడిగాం. కాసేపు ఆలోచించి చెప్పిన జవాబు మా చర్చను మలుపు తిప్పింది. పదో తరగతి దాకా నలుగురు కలిసి చదువుకున్నారు. ఇప్పుడొకడు సూరత్‌లో, ఒకడు చెన్నైలో, ఒకడు పలాసలోనే జీడిపప్పు కర్మాగారంలో, తను సిల్తారాలో. నలుగురి డ్యూటీలూ కలిసే రాత్రుల్లో ఒక జట్టుగా ఆడతారు. ఆడుతూ చెవుల్లో మాట్లాడుకునేది సగం ఆట గురించి, సగం ఊరి గురించి. ఎవరి అమ్మకు ఒంట్లో బాగోలేదు, ఎవరికి సంబంధం చూస్తున్నారు, గ్రామదేవత పండగకు ఎవరొస్తారు. కొన్ని నెలలకు ఒకరొకరే రావడం మానేస్తారు. కొత్త భాగం వచ్చిందంటే నలుగురూ మళ్ళీ పోగవుతారు. "మ్యాపు బాగుంటే ఆళ్ళు వస్తారు మాస్టారూ. నేకపోతే రారు" అన్నాడు.

అంటే ఆ రెండు రోజుల కూలి అతను మంచు జల్లిన ఊరికి కట్టడం లేదు. జాతరకు రంగులరాట్నం తెప్పించినట్టు, దాని కోసమైనా మనుషులు వస్తారని కడుతున్నాడు. జాతరలో రంగులరాట్నం చిన్నదైందని ఎవరైనా సణిగితే, ఆ సణుగుడు వెనుక "ఈసారి మనవాళ్ళు తక్కువ వచ్చారు" అన్న బెంగ ఉండవచ్చు. ఇది తెలియక మేము అతనికి తృష్ణ మీద ఉపన్యాసం ఇచ్చి పంపబోయాం. ఆకలి ఏదో తెలియకుండా పథ్యం చెప్పడం వైద్యం కాదు. అతని ఆకలి స్నేహానిది. అమ్మకానికున్నది మాత్రం మ్యాపు, తుపాకీ రంగు. ఎంత ఇచ్చినా చాలకపోవడానికి ఇదీ ఒక కారణమని మాకు తోచింది: ఆకలి ఒకటి, వడ్డించేది ఇంకొకటి. మాంధాతకు నిజంగా ఏం కావలసి ఉందో అతని మంత్రుల్లో ఒక్కరూ అడగలేదు. అడిగినప్పుడల్లా ఇంకో లోకం పేరు చెప్పారు.

అందరి సంగతీ ఇదేనని మేము అనడం లేదు. అదే గదిలో రెండో కుర్రవాడు ఒంటరిగానే ఆడతాడు, గురి మెరుగుపడితే చాలంటాడు. అతనికి చదరంగం వాళ్ళ కోవలో చోటుంది. డ్యూటీలో కునికిపాట్లు పడేదాకా ఆడేవాళ్ళూ ఉన్నారు. కిల్న్ పక్కన కునుకు ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి వారికి ముందు చెప్పవలసింది నిద్ర గురించి. ఒకే ఫిర్యాదు ముగ్గురి నోటా ఒకేలా వినిపిస్తుంది.

కిందటి నెల మేమంతా కలిసి మహానది ఒడ్డున ఉన్న సిర్పూర్‌కు వెళ్ళాం. ఒకప్పటి దక్షిణ కోసల రాజధాని అది. 1950లలో జరిగిన తవ్వకాల్లో బయటపడిన ఆనందప్రభ కుటీ విహారంలో పెద్ద ఆసీన బుద్ధ విగ్రహం ఎదుట కూర్చున్నాం. ఏడో శతాబ్దంలో ఈ కోసల దేశానికి వచ్చిన హ్యూయన్ త్సాంగ్ ఇక్కడ నాగార్జునుడి గురించి విన్న కథను రాసిపెట్టాడు. మన కృష్ణా తీరంతో ముడిపడిన ఆ నాగార్జునుడే. ఆయనతో వాదించడానికి ఆర్యదేవుడు వచ్చి వాకిట నిలబడ్డాడట. నాగార్జునుడు ఏమీ మాట్లాడకుండా అంచుదాకా నీళ్ళు నింపిన పాత్రను బయటికి పంపాడు. ఆర్యదేవుడూ మాట్లాడలేదు. ఒక సూదిని అందులో వేసి తిప్పి పంపాడు. నీళ్ళు పొర్లలేదు, సూది అడుగుకు చేరింది. నాగార్జునుడు సంతోషించి అతన్ని లోపలికి పిలిచాడు.

ఈ కథ విన్నాక కుర్రవాళ్ళలో ఒకరు అడిగింది సూది గురించి కాదు. "మరి లోపలికి పిలిసేక ఆళ్ళిద్దరూ ఏటి మాటాడుకున్నారు మాస్టారూ?" అని. వాళ్ళు గురుశిష్యులయ్యారని చెప్పాం.

తిరుగుప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని మొదటి అబ్బాయి సూరత్‌కీ, చెన్నైకీ, పలాసకీ ఒకే సందేశం పంపాడు. వచ్చే భాగం కొంటున్నారా అని కాదు, వచ్చే శనివారం రాత్రి ఖాళీయేనా అని. సిల్తారా పొగగొట్టాలు కనిపించే వేళకి ఇద్దరు జవాబిచ్చారు. చెన్నైవాడు ఇంకా చూడలేదు. డబ్బు ఇంకా జేబులోనే ఉంది.